లిఫ్టు సంగతి కనిపెట్టిన మనిషి

ఆ ప్రయోగశాలలో అందరూ ఆవిడను అద్దాలక్క అనేవారు. లేజరు బల్లమీద అద్దాలను వెంట్రుకవాసి తేడా రాకుండా సర్దడమే ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఉద్యోగం. కాంతి కణాలను జంటలుగా ముడివేస్తే, విడివిడి కణాలతో అందని సన్నని కొలతలు అందుతాయని పెద్ద సారు నమ్మకం. రెండేళ్లు తలకిందులుగా తపస్సు చేసినా కొలత నిలకడగా రాలేదు. పరిశోధకులు తప్పంతా అద్దాలమీదకు తోశారు.

మాట పడలేక ఆవిడ వారం రోజులు గడియారం ముందు పెట్టుకుని కూర్చుంది. గోడ వెనకున్న లిఫ్టు కదిలినప్పుడల్లా కొలత చెడుతోందని పట్టుకుంది. సారుతో చెప్పి లిఫ్టు ఆపించి, మోకాళ్ల నొప్పులతో ఐదంతస్తులూ ఎక్కిదిగింది. నెల తిరక్కుండా మామూలు కాంతితో దాటలేని హద్దు దాటేశారు.

సన్మాన సభలో పెద్ద సారు పక్కనున్న అమ్మాయిని చూపించి, "లిఫ్టు సంగతి మా పరిశోధకురాలు కనిపెట్టింది" అన్నాడు.

మర్నాడు ఆవిడ ఆయన గదికి వెళ్లింది. "సార్, ఆ మాట మీతో చెప్పింది నేను కదా?"

"చెప్పావమ్మా, కాదనను. లెక్కకట్టి చూపించింది తను. చెప్పడం వేరు, నిరూపించడం వేరు."

ఆవిడ అడిగి మరీ స్టోరు గదికి బదిలీ చేయించుకుంది.

నాలుగు నెలలకు కొలత మళ్లీ చెడింది. ఆ పరిశోధకురాలే స్టోరుకొచ్చి, "అక్కా, ఒక్కసారి రావా? నాకేం పాలుపోవట్లేదు" అంది.

రానని మొహంమీదే చెప్పాలనుకుంది. అయినా వెళ్లింది. పది నిమిషాల్లో అద్దం వెనక వదులైన మరమేకు ఒకటి పట్టుకుని బిగించింది. సాయంత్రం ఇంటికొచ్చి భర్త ముందు కూలబడి, "నా చేతులకు సిగ్గులేదండీ" అని ఏడ్చింది.