గుడ్ ఫ్రైడే నాడు తెరిచి ఉంచిన తలుపులు

పెద్దమ్మ పోయిందని చెల్లె ఫోన్ చేసింది. గుడ్ ఫ్రైడేకు ఇంకా వారం కూడా లేదు. దవాఖానలో చేరే ముందు రోజు కూడా మా చర్చి పిల్లల చేత గుడ్ ఫ్రైడే నాడు వేసే సిలువ నాటకం ప్రాక్టీసు చేయించిందట. నాకు ఏడుపుతో పాటే ఒక దిగులు పట్టుకుంది. ఇక ఆ నాటకాన్ని ఆమె వేయించినట్టు ఎవరు వేయిస్తారు?

మా అమ్మకు అక్క, బడిలో ఇంగ్లీషు టీచరు, ఆదివారాలు మా సండే స్కూల్ టీచరు. కొత్త మనిషి కనబడితే ఆరా తీయకుండా వదిలేది కాదు. నా చిన్నప్పుడు ఆ నాటకంలో ఏసుప్రభువుకూ శిష్యులకూ తెల్ల బట్టలు, యూదులకు నల్ల దుప్పట్లు. నల్ల దుప్పట్ల వాళ్లు "సిలువ వేయండి" అని అరిస్తే చూసే జనం వాళ్లను తిట్టిపోయాలి. పొడుగ్గా ఉన్నందుకు నాకెప్పుడూ నల్ల దుప్పటే.

ఒక ఏడు మమ్మల్ని కిలా వరంగల్‌కు పిక్నిక్ తీసుకెళ్లింది. రాతి తోరణాల దగ్గర ఒక విదేశీ ఆమె కనబడగానే ఆరా మొదలైంది. ఆమె యూదురాలని తెలిసేసరికి పెద్దమ్మకు పట్టరాని సంతోషం. "అరె, మన ఏసయ్య చుట్టమేనే" అని మాతో అని, డబ్బాలోని సకినాలన్నీ ఆమె చేతుల్లో పోసింది. ఆ ఊపులోనే గుడ్ ఫ్రైడే నాటకానికి రమ్మని పిలిచింది. ఆ విదేశీ ఆమె నవ్వు ఆగిపోయింది. వాళ్ల దేశంలో గుడ్ ఫ్రైడే నాడు వాళ్ల అమ్మమ్మ వాళ్లు తలుపులు గడియ పెట్టుకుని కూర్చునేవారట, ఏసును చంపించింది మీరేనని చర్చి నుంచి వచ్చేవాళ్లు రాళ్లు వేస్తారని. మర్యాదగానే చెప్పింది. సకినాలు బాగున్నాయని కూడా అంది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ మా అమ్మతో అంది: "మనం ఉపాసముండి ఏడ్సే దినమే వాళ్లు భయపడ్డరట చెల్లె. మనకేం ఎరుక లేకపాయె."

ఆ ఏడు నల్ల దుప్పట్లు ట్రంకుపెట్టెలోంచి బయటికి రాలేదు. అందరికీ ఒకే తెల్ల బట్ట. "సిలువ వేయండి" అన్న అరుపు చర్చిలో ఉన్న అందరూ అరవాలి. తలుపులు బార్లా తీసి ఉంచాలి. వడగాలి, ఆటోల రొద లోపలికొస్తాయని సంఘపెద్ద ఒకాయన గట్టిగా పోట్లాడాడు. అలా అరిచింది యూదులని బైబిల్లోనే ఉంది కదా అన్నాడు.

"ఉన్నది తమ్మీ" అంది పెద్దమ్మ. "ఏసయ్య యూదుడు, మరియమ్మ యూదురాలు, పేతురు యూదుడు. యూదులు కానోళ్లు సిలువ శిక్ష ఏసిన గవర్నరు పిలాతు, ఆయన సిపాయిలు. యూదులు, కానోళ్లు అని బట్టలు పంచుకుంటే మనం పిలాతు దిక్కే పోవాలె."

ఆయనకు నవ్వు రాలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ వస్తుంది.

ఈమధ్య గాలి మారింది. యెరూషలేము టూరుకు పోయొచ్చినవాళ్లు యూదుల ప్రార్థన శాలువాలు కప్పుకుంటున్నారు, ఆ దేశపు వార్తల్లో ప్రభువు మళ్లీ ఎప్పుడొస్తాడో అని ఆయన రాకడకు గుర్తులు వెతుకుతున్నారు. అదీ పెద్దమ్మకు నచ్చలేదు. "వాళ్లేమన్న మన గడియారమా? చుట్టాలింటికి పోతే ముందుగాల బాగున్నరా అని అడగాలె" అనేది. అక్కడ యుద్ధం వచ్చినప్పుడు రెండు వైపుల తల్లుల కోసమూ ప్రార్థన చేసింది. మరి వాళ్లు ఏసయ్యను ఒప్పుకోరు కదా అని నేనడిగితే, అది వాళ్లూ దేవుడూ చూసుకుంటారు, నువ్వు జర నీ సంగతి చూసుకో అంది. ఆ జవాబు నాకు పూర్తిగా సరిపోలేదు. ఆమెకూ సరిపోలేదనుకుంటాను, చివరిదాకా పాస్టర్లందరినీ అడుగుతూనే ఉంది.

నాటకం ఈసారీ వేశారు. పిల్లలు ఆమె నేర్పినట్టే అందరూ తెల్ల బట్టలు కట్టుకున్నారు. తలుపులు తెరిచే ఉన్నా, అవి మూసుకోకుండా చూడాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. నాటకం మధ్యలో వడగాలికి ఒక తలుపు రెక్క మూసుకోబోయింది. అప్పట్లో పోట్లాడిన ఆ సంఘపెద్ద, ఇప్పుడు ముసలాయన, లేచి ఉత్త కాళ్లతో ఎండలోకి వెళ్లాడు. ఒక ఇటుక తెచ్చి, వంగి, తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టాడు.