బందూకుల దుకాణంలో బెంచీ

నిన్న కరీంనగర్ దవాఖానలో బాపును కూర్చోబెట్టే చక్రాల కుర్చీ కిర్రుమంటుంటే ఆయా నూనె వేసింది. ఆ వాసనకు చిన్నప్పటి ఆదిలాబాద్ బందూకుల దుకాణం గుర్తొచ్చింది.

అప్పుడు, తెల్లారితే అవ్వకు, అంటే మా అమ్మకు, ఆపరేషన్. చేతిలో డబ్బుల్లేవు. చేనుకు అడవిపందులు రాకుండా కాసే లైసెన్సు బందూకును అమ్మడానికి బాపు నన్ను వెంటబెట్టుకొని వెళ్లాడు. ఖాళీ బందూకును, మూతి గోడవైపు ఉండేలా బల్లమీద పెట్టాడు. వెనక బెంచీ మీద ఒక ముసలి రైతు దాన్నే చూస్తున్నాడు గానీ నోరు విప్పలేదు.

దుకాణం నడిపే సేటు బందూకు గొట్టంలోకి తొంగిచూసి, "నాకొద్దు పటేలా" అన్నాడు.

ఇక అవ్వ బతకదనుకున్నాను. బాపు చొక్కా పట్టుకొని బోరుమన్నాను. బాపు మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏడ్వకు బిడ్డా. సేటు వద్దన్నంకనే బెంచీ మీదోళ్లు అడగాలె. గిది దుకాణం మర్యాద."

అప్పుడే ముసలాయన లేచాడు. "సేటూ, మరి నేను జూడొచ్చా? నాకు లైసెన్సు ఉన్నది."

అవ్వ బతికింది.

నిన్న బాపును చూసిన డాక్టరు, "ఇక మావల్ల కాదమ్మా" అన్నాడు. నేను ఏడవలేదు. ఎవరైనా లేస్తారేమోనని దవాఖాన వరండాలో వెనకున్న బెంచీ వైపు చూశాను.