పెరట్లో ఎండిన బోరు

మా అమ్మాయికి నాలుగేళ్లు వచ్చాక దాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం మా వల్ల కాలేదు. ఇంటి ముందేమో చిలమత్తూరు వెళ్లే రోడ్డు, ఆగకుండా లారీలు. అందుకని ఆ వేసవిలో పెరటినే పిల్లలు ఆడుకునే చోటుగా చేద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం.

పెరడంటే పెద్ద తోటేమీ కాదు. ఎర్రమట్టి, ఒక వేపచెట్టు, గోడ వారగా పేర్చిన బండలు. బండల సందుల్లో తేళ్లుంటాయని ముందు వాటిని బయటికి మోయించాం. ముళ్లకంప మొదళ్లతో సహా తవ్వించాం. వేపకొమ్మకు ఉయ్యాల, దాని కింద పడినా దెబ్బ తగలకుండా వంకలోంచి తోలించిన ఇసుక, పడమటి ఎండకు అడ్డంగా పచ్చ వల. అంతవరకూ అందరిదీ ఒకటే మాట. పేచీ బోరు దగ్గర వచ్చింది.

ఆ బోరు మా మామగారు వేయించింది. నీళ్లు పడిన రోజు తడి బట్టలతోనే వీధంతా తిరిగి అందరికీ చెప్పారట. నేను కోడలిగా వచ్చేసరికే అది ఎండిపోయింది. మోటరు పైకి లాగేసి, పైపు నోటి మీద గోనెపట్టా కప్పి రాయి పెట్టారు. కాస్త గట్టి వాన పడితే చాలు, ఆయన ఆ రాయి జరిపి, వంగి, చెవి ఆనించి వినేవారు.

"దాన్ని పూడ్చేద్దాం మామా," అన్నాను.

"నీళ్లిచ్చిన బోరును పూడ్చేది ఎట్లమ్మా? మంచి వానలు పడనీ, మళ్లీ ఊరుతాది. మీద రాయి ఉండాది కదా, ఏం కాదులే," అన్నారు. మా ఆయన గట్టిగా మాట్లాడబోతే మామగారు కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయారు.

ఒక మధ్యాహ్నం చేటలో కందిపప్పు పోసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాను. రాయి పక్కకు దొర్లి ఉంది. మా అమ్మాయి బోర్లా పడుకుని, తల పైపు మీదికి వంచి "ఓ..." అని అరుస్తోంది. అప్పటికే మామగారు అటు నుంచి వస్తున్నారు. కేకేస్తే అది ఉలిక్కిపడుతుందని చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా వెళ్లి, రెండు కాళ్లూ పట్టుకుని వెనక్కి లాగేశారు. లాగి, దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే మట్టిలో కూలబడ్డారు.

"వదులు తాతా! లోపల ఎవరో నా మాదిరే అరుస్తాండారు," అని అది గింజుకుంటోంది.

ఆ సాయంత్రం ఆయన ముఖం చూడలేక నేనే మెత్తబడ్డాను. "పక్కవీధి వెల్డింగు భాయ్‌తో ఇనుప మూత చేయిద్దాం మామా. బోల్టులు బిగిస్తే పిల్లలకు ఊడి రాదు. నీళ్లు ఊరితే మనం తీసుకోవచ్చు."

ఆయన తల అడ్డంగా ఊపారు. "వద్దమ్మా. మూత ఉంటే నాకు తెరిచి చూడాలని ఉంటాది. తెరిచి, ఈ రాయిని మరిచినట్టే, మూసేది యాడనో మరిచిపోతా. పూడ్చేద్దాం."

మర్నాడు ట్రాక్టరులో గరుసు, మన్ను వచ్చాయి. మొదటి గంప ఆయనే పోశారు. మన్ను పైకి వచ్చేసరికి పొద్దు వాలింది. మన్ను కిందికి దిగి గట్టిపడాలని ఆయన బిందెతో నీళ్లు తెచ్చి పోస్తూ, "ఇన్నేండ్లూ ఇది నాకు పోసింది. ఇప్పుడు నేను దీనికి పోస్తాండా," అని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ పైన సిమెంటు వేయించాం.

ఇక అక్కడి నుంచి మా అందరికన్నా ఆయనదే చాదస్తం. ప్లాస్టిక్ తాడు ఎండకు చివికిపోతుందని ఉయ్యాలకు గొలుసు వేయించారు. "ముందు నేను కూర్చుంటా, నా బరువు ఆపితే పిల్లల బరువు ఒక లెక్కా?" అని ఎక్కి కూర్చున్నారు. కొమ్మ కిర్రుమంది గానీ ఆగింది. దిగమంటే దిగలేదు.

ఇప్పుడు సాయంత్రమైతే వీధి పిల్లలంతా మా పెరట్లోనే ఉంటారు. మొన్న కాఫీకి పిలిస్తే మామగారు రాలేదు. వెళ్లి చూస్తే ఇసుకలో కూర్చుని ఉన్నారు. ఆయన కాళ్ల మీద మోకాళ్ల దాకా ఇసుక పోసి, దాని మీద పిల్లలు పిచ్చుకగూళ్లు కట్టి, వేపాకులు గుచ్చారు.

"కాఫీ ఈడికే తేమ్మా," అన్నారు, మెల్లగా. "లేస్తే వీళ్ల ఇండ్లన్నీ కూలిపోతాయి."