ముందుగదిలో పల్లం

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేసే రామాంజనేయులుది అనంతపురం. పదిహేనేళ్లుగా ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పడుతున్న మనిషి. ఆ ధీమాతోనే విక్టోరియన్ కాలం నాటి ఇల్లు కొన్నాడు. ముందుగదిలో కార్పెట్ అంచు ఎత్తి చూస్తే కింద పాత పైన్ చెక్కలు కనిపించాయి. వాటిని గీకి మెరిపించాలన్న ఆత్రంలో ఇక ఆ రోజు అన్నం సహించలేదు.

కార్పెట్ లాగేశాడు. పక్కింటి బాబీ రిటైరైన వడ్రంగి. తలెత్తిన మేకులన్నీ ముందు లోపలికి దిగగొట్టమన్నాడు. చెక్కను గీకి నునుపు చేసే శాండింగ్ మెషీన్‌లో గరుకు కాగితం చుట్టిన డ్రమ్మును పైకెత్తి స్టార్ట్ చేయాలనీ, నడుస్తూ మెల్లగా దించాలనీ కూడా చెప్పాడు. రామాంజనేయులు మేకుల సంగతి శ్రద్ధగా విని, వారం రోజులు మోకాళ్ల మీద కూర్చుని కొట్టాడు. రెండో సంగతి చెప్పేటప్పుడు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

శనివారం మెషీన్ అద్దెకు తెచ్చి, డ్రమ్ము నేలకు ఆని ఉండగానే స్విచ్ వేశాడు. అది అతన్ని గదంతా ఈడ్చుకుపోయి గోడ దగ్గర నిలబడింది. డ్రమ్ము మాత్రం ఉన్నచోటే తిరుగుతూ ఉంది. దుమ్ములో తడుముకుంటూ స్విచ్ ఆపేసరికి చెక్కలో పల్లం పడింది.

అతని భార్య ప్రసన్నలక్ష్మి వార్డు నర్సు. డ్యూటీ దిగి వచ్చి, ఆ పల్లంలో కాలు పెట్టి చూసింది.

"ఏమయిందిది?"

"పాత ఇల్లు కదా. జనం నడిచి నడిచి అరిగింటాది."

"అందరూ గోడకానుకొనే నడిచినారా?"

అతను చీపురు అందుకున్నాడు.

మర్నాడు బాబీ వచ్చి చూశాడు. నవ్వలేదు. తాను కూడా కొత్తలో అత్తగారింట్లో ఇంతకన్నా లోతుగా తవ్వానని ఒప్పుకున్నాడు. మెట్ల కింద అరలో నేల నుంచి రెండు చెక్కలు ఊడదీసి ఇక్కడ బిగించి, పాడైనవి అక్కడ వేశాడు. మిగిలిన నేల పని మొదలుపెట్టమంటే రామాంజనేయులు మెషీన్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు గానీ, చెయ్యి వేయలేదు.

"జరుగు, నేను పట్టుకుంటా," అంది ప్రసన్నలక్ష్మి.

బాబీ చెప్పింది మొత్తం విని, మాస్కు కట్టుకుని మెషీన్ అందుకుంది. పేషెంట్లున్న మంచాలు లిఫ్టుల్లోకి తోసి తోసి అలవాటైన చేతులవి. మెషీన్ ఆమె ముందు బుద్ధిగా నడిచింది. గోడ చేరేలోపే డ్రమ్ము ఎత్తేది. మధ్యాహ్నానికి చెక్కలు తేనె రంగు తేలాయి.

సాయంత్రం ముగ్గురూ గడపలో నిలబడి చూశారు. ఇంత తిన్నగా తన దగ్గర పని నేర్చిన కుర్రాళ్లెవరూ చేయలేదని బాబీ ఆమెతో చెయ్యి కలిపాడు. పైగదుల్లో కూడా ఇవే చెక్కలున్నట్టున్నాయని రామాంజనేయులు నెమ్మదిగా అన్నాడు.

"ఉంటే ఉండనీ. నువ్వు పోయి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చెయ్యి," అందామె.

చేశాడు. బాబీ రెండుసార్లు పెట్టించుకున్నాడు.