నా కాలు నిలబెట్టిన సైన్సు టీచరుగారు

మా సైన్సు టీచరుగారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున మార్టూరులో ఒక స్లాబుకి ఊచలు కట్టిస్తుంటే వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ ఇక లేదు" అంది. పైనుంచి పనివాళ్లు ఏదో అడుగుతున్నారు, నాకేం వినపడలేదు. "ఈ పూటకి ఆపండిరా" అని దిగిపోయాను. మధ్యలో పని ఆపడమంటే నాకు ఒళ్లు మంట. ఆ రోజు మాత్రం ఆపాను.

నేను సెంట్రింగ్ మేస్త్రీని. తొమ్మిదితోనే చదువుకి సలాం కొట్టినవాణ్ణి. వీడు టీచరు గురించి రాయడమేంటని మీరనుకోవచ్చు. అనుకోండి. ఆవిడ పాఠం నా మార్కులకి పనికిరాలేదు గానీ నా కాలికి పనికొచ్చింది.

ఎముకల పాఠం రోజున మా బాబాయి మటన్ కొట్టు నుంచి రెండు ఎముకలు తెమ్మన్నారు. ఒకదాన్ని వెనిగర్లో వారం పైన నానబెట్టారు, రెండోదాన్ని పొయ్యిలో కాల్చారు. నానింది రబ్బరులా వంగింది. కాలింది వేళ్లతో నలిపితే పొడైపోయింది. "వంగేది లోపలి నార, గట్టిది సున్నం. రెండూ కలిస్తేనేరా ఎముక" అన్నారు. అప్పటిదాకా ఎముకంటే ఎండుపుల్లే అనుకున్నాను. మైక్రోస్కోపులో చూపించారు. మధ్యలో రక్తం పోయే సన్న గొట్టం, చుట్టూ ఉల్లిపాయ కోసినట్టు వలయాలు, వలయాల మధ్య చిన్న చిన్న గదులు. గదికో కణం. కట్టే కణాలు కట్టుకుంటూ పోయి, తాము కట్టిన గోడలోనే ఇరుక్కుని అక్కడే కాపురం పెడతాయట. నేను మేస్త్రీనయ్యాక ఎక్కడ కనపడినా ఇదే పట్టుకుని ఏడిపించేవారు. "ఇన్నిళ్లు కట్టావు, ఒక్కదాంట్లోనన్నా కాపురం ఉన్నావట్రా?"

"లేదండీ, మాది రేకుల ఇల్లే కదండీ" అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

నాలుగేళ్ల కిందట వినుకొండలో పని చేస్తూ పరంజీ మీంచి పడ్డాను. ఎడమ కాలికి మోకాలి కింద ముందెముక విరిగింది. డాక్టరుగారు పిండికట్టు వేసి పది వారాలు కదలొద్దన్నారు. పది వారాలు! అవతల ఒప్పుకున్న స్లాబులున్నాయి. మూడో వారానికి నొప్పి పోయింది, దురద మొదలైంది. మంచం మీద పడుకుని లెక్క వేశాను. స్లాబు పోసినాక ఇరవై ఒక్క రోజులు ఆగి సెంట్రింగ్ విప్పుతాం. ఇంటిల్లిపాదినీ మోసే స్లాబుకే ఇరవై ఒక్క రోజులు చాలితే, నా ఒక్కడి కాలికి చాలవా? ఇరవై రెండో రోజు పొద్దున్నే ఊచలు కోసే బ్లేడు తీసి కట్టు కొయ్యడం మొదలుపెట్టాను. మా ఆవిడ మొత్తుకుంది. నేను వింటానా? నా నోటికి జడిసి బయటికెళ్లి టీచరుగారికి ఫోన్ చేసింది.

పావుగంటలో ఆటో దిగారు. అప్పటికి జానెడు కోశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. మంచం పట్టె మీద కూర్చుని, "ఎందుకు విప్పుతున్నావు?" అని మాత్రం అడిగారు. స్లాబు లెక్క చెప్పాను.

"నువ్వు కట్టిన మా ఇంటి గృహప్రతిష్ఠకి పాస్టరుగారు తేదీ పెట్టారు, స్లాబు కింద నిలబెట్టిన పోట్లు తియ్యరా అని నేనడిగితే ఏమన్నావు?"

"తియ్యనన్నానండి. తేదీ మార్చుకోండి, స్లాబు మాత్రం నా మాట వినదు అన్నాను."

"నువ్వు అరిచిన అరుపుకి మార్చుకున్నాను. ఇప్పుడు నా మాట విను. స్లాబుకి సిమెంటు నువ్వు బస్తాల్లో తెచ్చి పోస్తావు. నీ కాలికెవరు తెస్తారు? కణాలే తయారు చేసుకోవాలి. ముందు నార అల్లుతాయి, తర్వాత దానికి సున్నం పట్టిస్తాయి. ఇప్పుడు నీ కాల్లో ఊచలు కట్టడమే అయింది నాయనా. కాంక్రీటు ఇంకా గట్టిపడలా. ఊచల మీద నిలబడతావా?"

బ్లేడు ఇచ్చేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడ నన్ను అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు మళ్లీ వేయించారు. అప్పుడే కట్టు విప్పేసి నడిచుంటే ఎముక వంకరగా అతికేదనీ, జన్మలో పరంజీ ఎక్కేవాణ్ణి కాదనీ డాక్టరుగారు అన్నారు. మా ఆవిడ అక్కడే బావురుమంది.

కట్టు విప్పాక విరిగినచోట బొడిపె ఉండిపోయింది. కనపడ్డప్పుడల్లా, బజారైనా సరే, ప్యాంటు పైకెత్తమని బొటనవేలితో నొక్కి చూసేవారు. "ఎముకలో కట్టే కణాల పనైంది. ఇక కొట్టేవాళ్ల వంతు. ఎక్కువైందాన్ని చెక్కేస్తారు, చూడు" అనేవారు. నిజంగానే ఏడాదిన్నరకి చాలావరకు చదునైంది. ఎంత సంబరపడ్డారో! చేపలపులుసు వండి పంపించారు, ముళ్లు కూడా నమలరా అని కబురుతో.

ఈ మధ్య ఆవిడే బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను చేశారు గానీ మళ్లీ లేవలేదు. నేను పక్కన కూర్చుని, "మీకేం కాదండీ, అతుక్కుంటది" అన్నాను. "నా దగ్గర కట్టేవాళ్లంతా రిటైరయ్యార్రా. కొట్టేవాళ్లే డ్యూటీలో ఉన్నారు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకు రావాలి? అమ్మ తర్వాత నా కాలు పట్టుకుని చూసిన మనిషి ఆవిడొక్కతే.

బుధవారం చర్చి నుంచి సమాధుల తోటకి తీసుకెళ్లాం. ముందు రోజు వాన పడి దారంతా నల్లరేగడి బురద. బండి పోదన్నారు. నేను చెప్పులు విప్పి పెట్టె వెనక కొన ఎత్తుకున్నాను. మా ముస్లిముల్లో జనాజా మోసేటప్పుడు నాలుగడుగులకోసారి భుజం మారుస్తాం. ఇక్కడా ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు. వాళ్లమ్మాయైతే "అన్నా, నీ కాలు..." అంది. నేనెవ్వరికీ ఇవ్వలేదు. ఏడుస్తూనే మోశాను.

గొయ్యి పక్కన దించి వెనక్కి తిరిగి చూశాను. గేటు దగ్గర్నుంచీ బురదలో నా అడుగులు. ఎడమదీ కుడిదీ ఒకే లోతు దిగాయి.