పెన్న చూడబోయిన సవారి బండి

ఇప్పుడు సాయంత్రమైతే చాలు, కలిగినవాళ్ళంతా తెల్లటి బూట్లు తొడుక్కుని భార్యాబిడ్డలతో నడకకు బయలుదేరుతున్నారు. నడవడమే ఒక హోదా అయింది. నేను కుర్రవాడిగా ఉన్న కాలం వేరు. యాభైల మొదట్లో, జమ్మలమడుగుకు దిగువన పెన్నకు దగ్గరగా ఉన్న మా ఊళ్ళో, నడిచేవాడంటే బండి లేనివాడు. అంతకుమించి ఆ మాటకు అర్థం లేదు. మాది పెద్దిల్లు. (ఊళ్ళో అడిగితే గోడ చూపిస్తారు. ఇల్లు అడగకండి.) మా తాత గుర్రం ఎక్కితే తప్ప గడప దాటలేదట. మా ఇంటి ఆడవాళ్ళు తెరలు కట్టిన సవారి బండిలో తప్ప పగటిపూట వీధిలోకి వచ్చేవారు కాదు. తర్వాత భూములు పోయాయి, గుర్రం పోయింది, నాయన పోయాడు, కరువు ఏళ్ళలో మేత లేక చివరి ఎద్దుల జత కూడా పోయింది. నియమం మాత్రం పోలేదు. బండీ పోలేదు. దాన్ని నేనే తుడిచి, మువ్వలకు చింతపండు పెట్టి తోమేవాణ్ణి. "ఎద్దుల్లేని బండికి ఈ సింగారం యాలరా" అని మా మేనత్త అడిగేది. ఆమె చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, నోటికి అదుపు లేదు. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, ఇంటిపెద్దను, మీసం మొలవబోతున్న సూచనలు కూడా ఉన్నాయి. అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పేవాణ్ణి కాదు.

మా పెన్న గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఏడాదిలో ఎక్కువ భాగం అది ఏరు కాదు, ఇసుక. దాంట్లో చెలమలు తవ్వి బిందెలు నింపుకుంటాము, అడ్డంగా బండ్లు తోలుకుంటాము. పైన చిత్రావతి వైపు ఎక్కడో వానలు పడితే మాకు ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా ఉన్నట్టుండి నీళ్ళు దిగుతాయి. అప్పుడు మేము ఏరు పారుతోంది అనము. "ఏరొచ్చింది" అంటాము, చుట్టం వచ్చినట్టు. చుట్టం లాగానే వచ్చేముందు చెప్పదు, ఉండమంటే ఉండదు. ఒక పూట పొంగి, మరునాటికి మోకాలి లోతుకు దిగి, ఆ తర్వాత మళ్ళీ ఇసుకే. అందుకే ఏరొచ్చిందంటే ఊరంతా పిల్లాజెల్లాతో, బొరుగులు కొంగున కట్టుకుని, చేలగట్ల మీద నడుచుకుంటూ పోయి చూసి వచ్చేది. మాకు అదే తిరునాళ్ళు.

మా అమ్మది రాయచోటి పక్క, బండలూ గుట్టలూ తప్ప నీటి జాడ లేని ఊరు. పెళ్ళికూతురుగా వస్తూ బండి ఇసుకలో కూరుకుపోతే తెర తొలగించి, "ఏరు ఇంకా ఎంత దూరం?" అని అడిగిందట. "ఇదే ఏరు" అన్నారట. ఆ మాట మా ఇంట్లో ఇరవై ఏళ్ళు నవ్వుకోవడానికి పనికొచ్చింది. ఆ ఇరవై ఏళ్ళలో పెన్న ఎన్నిసార్లు వచ్చినా ఆమె చూడలేదు. మా ఇంట్లో ఏరు చూడటానికి పోయేది మగవాళ్ళే. ఆడవాళ్ళు మిద్దె ఎక్కి, తల మీద కొంగు సర్దుకుని, ఆ హోరు వినేవారు. తాత, నాయన తిరిగి వచ్చాక ఎట్లుండాదని అడిగితే, "ఎర్రగా ఉండాది" అని చెప్పి అన్నానికి కూర్చునేవారు. మా ఇంట్లో ఏటి వర్ణన అంతవరకే.

కరువు తీరిన ఆ ఏడు, భాద్రపదంలో ఒక మధ్యాహ్నం, ఎదురింటి శెట్టి అంగడిలోంచి లేచి వీధిలోకి వచ్చి కేకపెట్టాడు. "ఏరొస్తాండాది, గండికోట దాటిందంట." అంతే, ఊళ్ళో అంగళ్ళు మూతపడ్డాయి. శెట్టి ఇల్లాలు చంకలో బిడ్డతో అప్పుడే గడప దాటింది. మా అమ్మ కొర్రల్లో రాళ్ళేరుతూ ఉంది. చాట చేత్తో పట్టుకునే వాకిటి దాకా వచ్చింది.

"నాయనా, ఈసారి నేను చూడాల."

ఆమె ఏదైనా కావాలని అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. లోపలి నుంచి అత్త, "నేనూ పోవాల. ఒక్కదాన్నే ఇంట్లో కూచోని గోడలకు కథ చెప్పాల్నా?" అంది. పదేళ్ళ మా చెల్లెలు అప్పటికే వీధి మధ్యలో ఉంది. "నడిసే పోదాం రా అన్నా, రెండు మైళ్ళే గదా."

"పెద్దింటి వాళ్ళు వీధంబడి నడిసి పోతారా?" అన్నాను. అమ్మ చాట కింద పెట్టింది. ఆ పెట్టిన తీరు చూసి, "బండి కడతా" అన్నాను.

బండి ఉంది, ఎద్దులు కావాలి. ఊళ్ళోని ఎద్దులన్నీ చేలల్లో దున్నే మడకలకో, ఏటి దారిన పోయే బండ్లకో కట్టి ఉన్నాయి. మిగిలింది ఊరి చివర గానుగ తాత జత ఒక్కటే. పరుగులాంటి నడకతో (పెద్దింటి వారసుడు పరుగెత్తకూడదు) పోయి అడిగాను.

"తాతా, ఎద్దులు కావాల. ఏటి దాకా."

"ఏటి దాకా ఏంది సామీ, మద్రాసు దాకా పోతాయి. పదేండ్ల నుంచి నడుస్తానే ఉండాయి, యాన్నాడన్నా ఆగినాయా?"

నిజమే, పదేళ్ళ నుంచి నడుస్తూనే ఉన్నాయి. ఎక్కడ నడుస్తున్నాయో ఆ తొందరలో నేను ఆలోచించలేదు.

ఊరి వీధిలో మా సవారీ దివ్యంగా సాగింది. రెండువైపులా గోడలు ఉన్నాయి కదా, ఎద్దులు నేరుగా పోక ఏం చేస్తాయి. మువ్వలు మోగుతున్నాయి, తెరలు ఊగుతున్నాయి, లోపల ముగ్గురు ఆడవాళ్ళు, ముందు గానుగ తాత పక్కన నేను, భుజం మీద నాయన పట్టు ఉత్తరీయం. పక్కన పిల్లల్ని నడిపించుకుపోతున్న శెట్టి, "ఏమప్పా, శానా దినాలకు బండి బయటికి తీసినావే" అన్నాడు. (నాయన బతికి ఉన్నప్పుడు అదే నోటితో "అయ్యా" అనేవాడు.) నేను తల ఒక అంగుళం ఊపాను. అంతకంటే ఊపితే చనువు ఇచ్చినట్టవుతుంది.

ఊరు దాటి బయలు వచ్చింది. గోడలు అయిపోయాయి. ఎద్దులు ఒకదాన్నొకటి అడిగి చూసుకున్నట్టు ఆగి, ఎంతో మర్యాదగా ఎడమకు తిరిగి జొన్నచేలోకి దిగాయి. తాత హోహో అని అదిలించి దారికి తెచ్చాడు. పది బారలు పోగానే మళ్ళీ ఎడమకు తిరిగాయి. ఈసారి తాత అదిలించినా వినకుండా, చేనంతా చుట్టి, మమ్మల్ని బయలుదేరిన చోటికే తెచ్చి దించాయి.

"అబ్బయ్యా," తెర వెనక నుంచి అత్త గొంతు, "ఈ తుమ్మచెట్టు ఇందాక చూస్తి గదరా."

"అది వేరే చెట్టు అత్తా."

"దీని కొమ్మకూ అదే గుడ్డపేలిక యాలాడతాండాదే."

చెల్లెలు తెరలో మూతి దాచుకుని నవ్వడం మొదలుపెట్టింది. తాతకు రోషం వచ్చింది. "గంతలు లేవు గదా సామీ, అందుకే అటూ ఇటూ చూస్తాండాయి. కండ్లు మూస్తే నేరుగా పోతాయి" అన్నాడు. ఆ క్షణంలో అది నాకు గొప్ప ఉపాయంగా తోచింది. ఒకదానికి తాత తలగుడ్డ కట్టాం. రెండోదానికి, చెప్పడానికి కష్టంగా ఉంది గానీ, నాయన పట్టు ఉత్తరీయం కట్టాం. కళ్ళు మూసుకున్న మరుక్షణం రెండింటికీ గానుగ ఇల్లు చేరిన ధైర్యం వచ్చింది. అంతవరకు పెద్ద సున్నా చుట్టినవి ఇప్పుడు చిన్న సున్నా చుట్టడం మొదలుపెట్టాయి, అదీ హుషారుగా. బండి కిర్రుమంటూ గిరగిర తిరుగుతుంటే లోపల అత్త, "ఒరే, ఆపరా, నూనె కారేట్టుండాది నాకు" అంది.

దారిమీద జనం సాగిపోతూనే ఉన్నారు. ఒకడు తలమీద ముసలి తల్లిని బుట్టలో కూర్చోబెట్టుకుని పోతున్నాడు. పిల్లలు తండ్రుల భుజాలెక్కి ఉన్నారు. అప్పుడు వినిపించింది, దూరంగా, నేల లోపలి నుంచి వస్తున్నట్టు ఆ హోరు. తాత ఎద్దుల్ని పట్టి ఆపాడు. తర్వాత తెర పక్కకు జరిగింది. మా అమ్మ దిగి నేలమీద నిలబడింది.

"అమ్మా, జనం చూస్తాండారు."

"జనం ఏటి పక్క చూస్తాండారు గానీ నన్నెవరు చూస్తారప్పా."

 ఇంటిపెద్దను నేను, ఏదో ఒకటి నిర్ణయించాలి కదా. నిర్ణయించాను. "సరే, మీరు ముందు నడవండి, బండి వెనకాల్నే వస్తాది. ఎవరన్నా అడిగితే, బండి ఉండాది, సరదాకు నడుస్తాండామని చెప్పండి. బండి కనబడేంత దూరంలోనే ఉండండి." ముగ్గురూ తలలూపారు. ఖాళీ బండి వెంట వస్తుంటే అది షికారు, రాకపోతే దరిద్రం. ఆ తేడా అప్పట్లో నాకు సూర్యచంద్రులంత స్పష్టంగా ఉండేది.

నేను వెనక్కి తిరిగి ఎద్దుల గంతలు విప్పి మళ్ళీ తలెత్తేసరికి వాళ్ళు కనబడలేదు. నడవడం రాదనుకున్న మా అమ్మ గుట్టల్లో పెరిగిన మనిషి అని నాకెవరూ గుర్తు చేయలేదు. అత్త చీర ఎగదోపుకుని శెట్టి ఇల్లాలిని దాటి పోతూ ఉండటం మాత్రం దూరం నుంచి చూశాను.

ఇక నేనూ, తాతా, బండీ. ఎడమవైపు ఎద్దును తాత భుజంతో నెట్టేవాడు, కుడివైపు నుంచి నేను పగ్గం పట్టి లాగేవాణ్ణి. అలా ఇద్దరం మనుషులమే గోడలమై వాటిని నడిపించాం. ఎదురైన ప్రతివాడికీ ఒక మాట మిగిలి ఉండేది.

"ఏమప్పా, బండిని ఎద్దులు లాగుతాండాయా, ఎద్దుల్ని నువ్వు లాగుతాండావా?"

"మావాళ్ళు సరదాకు నడుస్తాండారు," అని నేను నిటారుగా నిలబడి చెప్పేవాణ్ణి. "బండి వెనకాల వస్తాండాది."

"లోపల ఎవురుండారు?"

"ఎవరూ లేరు."

"మరి యాల?"

నేను పగ్గం ఇంకాస్త గట్టిగా లాగేవాణ్ణి. కాసేపటికి ఏరు చూసి తిరిగి వచ్చేవాళ్ళు మొదలయ్యారు. వాళ్ళ కళ్ళు వెలుగుతున్నాయి. కాళ్ళకు ఎర్రమట్టి. "మానులు మానులే కొట్టకచ్చాండాయప్పా" అని ఒకడు, "ఒడ్డు విరిగి పడుతాంటే ఉరిమినట్టుండాది" అని ఇంకొకడు. నా కాళ్ళు వాటంతటవే ముందుకు పోవాలని చూస్తున్నాయి. పగ్గం వదిలితే పరుగెత్తి చూడగలను. కానీ వదిలితే నేను కూడా నడిచేవాణ్ణి అవుతాను. ఎర్రమల కొండల మీదికి పొద్దు వాలింది. సగం దారి కూడా కాలేదు. ఎద్దులు విసిగి ఎవరిదో జొన్నచేను గట్టున నిలబడి మేయసాగాయి.

అప్పుడు దారి మీద ఎదురుగా ఒక ఆడమనిషి పరుగెత్తుతూ వస్తూ ఉంది. జుట్టు ఊడిపోయింది, చీర మోకాళ్ళదాకా తడిసి ఎర్రగా కాళ్ళకు అంటుకుంది. ఎవరింట్లో ఏం ఆపద వచ్చిందోననుకున్నాను. దగ్గరికి వచ్చాక చూస్తే మా అమ్మ.

"ఇంకా ఈడ్నే ఉండావా నాయనా?"

"బండి..."

"బండికి ఏం తొందరొచ్చింది? అది రేపన్నా ఉంటాది. ఏరు రేపటికి దిగిపోతాది. నువ్వు చూడకుండా నేనొక్కదాన్నే చూసి ఏం చేసుకోను?" అని నా మణికట్టు పట్టుకుంది. "పరిగెత్తుతావా, మీసాలొచ్చినాయని నడుస్తావా?"

పరుగెత్తాము. ఊరంతా చూస్తుండగా, తడిచీరతో మా అమ్మ ముందు, పెద్దింటి వారసుడు వెనక. రొప్పుతూ గట్టు ఎక్కేసరికి ఇసుక లేదు. పొద్దున్న నేను చెప్పులతో దాటిన ఇసుక ఎక్కడా లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఎర్రటి నీళ్ళు, నీళ్ళు కాదు, నేలే లేచి నడుస్తున్నట్టుంది. నురగ మీద పడిన చివరి ఎండకు ఏరంతా రాగి రంగు. ఒక గడ్డివామి విరిగిపోకుండా అలాగే తేలుతూ పోతూ ఉంది, దాని మీద ఒక కాకి కూర్చుని ఉంది. "అదో చూడు, మాను," "అదో, ఆ సుడి చూడు, ఇందాక అంత లేదు" అని మా అమ్మ నాకు ఒక్కొక్కటీ చూపిస్తూ ఉంది. పెన్నను ఆమెకే ఎవరో రాసి ఇచ్చినట్టు. అత్త చీలమండల లోతులో నిలబడి, ఇంతకాలం రాలేదేమని ఏటినే దబాయిస్తూ ఉంది. శెట్టి తన పిల్లల్నీ, వాళ్ళలో కలిసిపోయిన మా చెల్లెల్నీ జరిపి మా అమ్మకు గట్టు మీద చోటిచ్చి, "కూచోండమ్మా" అని బొరుగుల మూట విప్పాడు. నేను నిలబడే తిన్నాను. కూర్చుంటే బింకం సడలి నవ్వేస్తానని భయం.

బండిని తాత ఇంటికి ఎలా చేర్చాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నాయన ఉత్తరీయం మాత్రం నూనెవాసనతో తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఏరు దిగిపోయి ఇసుక తేలాక కూడా మా అమ్మ, అత్త సాయంత్రాలు గట్టుదాకా నడిచి వచ్చేవారు. మొదట్లో ఊరు వింతగా చూసింది. తర్వాత పెద్దింటివాళ్ళే నడుస్తున్నారంటే అదేదో గౌరవమైన పనే అయి ఉంటుందని మరికొన్ని ఇళ్ళవాళ్ళూ బయలుదేరారు. మా వంశం ఊరికి చేసిన మేలుల్లో చివరిది బహుశా ఇదే.

చాలా ఏళ్ళ తర్వాత, నాకు పిల్లలు పుట్టి, వాళ్ళు కథలడిగే వయసు వచ్చాక, మా అమ్మ ఈ ముచ్చట చెబుతూ ఉండేది. ఆమె కథలో గానుగ ఎద్దులు ఉండవు, తుమ్మచెట్టు ఉండదు. "ఇరవై ఏండ్లు మిద్దెమీద కూచోని ఇనింటి. మీ నాయన ఇంటిపెద్ద అయినాక, నన్ను చెయ్యి పట్టుకోని ఏటికి తీసకపోయినాడు" అని చెప్పేది. పిల్లలు నావైపు గొప్పగా చూసేవారు. నేను కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చుని, మీసం సవరించుకునేవాణ్ణి. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో ఒక్కసారి కూడా దిద్దలేదు.