ఆర్థిక సాయం, సీతాఫలం ఐస్‌క్రీం

ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బు కట్టే పద్ధతి మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. హోటల్లో బిల్లు కోసం కొట్లాడుకునే అందం దాంతో పోయింది. ఇప్పుడు ఎవరో ఒకరు బల్ల కింద ఫోను పెట్టుకుని చప్పుడు కాకుండా కట్టేస్తారు. మిగతావాళ్లు "అరె, నువ్వెందుకు కట్టావు" అని మర్యాదకు ఒక మాట అనేసి హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఆ రోజుల్లో అలా ఉండేది కాదు. బిల్లు వచ్చిందంటే కుర్చీలు వెనక్కి జరిగేవి, ఒకరి జేబు ఒకరు పట్టుకునేవారు, ఇద్దరూ వెయిటర్ చేతిలో నోట్లు కుక్కేవారు (వెయిటర్‌కు ఎన్నడూ నష్టం రాలేదు). ఆ విద్యలో మా నాన్న ఓడిపోవడం నేను చూడలేదు. ఆ విద్య వల్లే నా అమెరికా చదువు ఆగిపోయినంత పనైంది.

నాన్నకు నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో బ్యాగుల రిపేరు దుకాణం. అబిడ్స్‌లో సూట్‌కేసు కొన్నవాళ్లు చక్రం ఊడో, జిప్పు మొరాయించో కొన్నాళ్లకు ఆయన దగ్గరికే వచ్చేవారు. నేను ఇంటర్లో ఉండగా పేపర్లో ఒక సంగతి చదివాను. అమెరికాలో కొన్ని కాలేజీలు పరాయి దేశపు పిల్లలకు సీటిస్తే, ఇంట్లోవాళ్లు కట్టుకోగలిగినంతే కట్టించుకుని మిగతాది ఎయిడ్ కింద తామే భరిస్తాయట. వెంటనే వెళ్లి మా మేనబావను అడిగాను. ఆయన అబిడ్స్‌లో, పిల్లల్ని విదేశాలకు పంపే కన్సల్టెన్సీలో సలహాదారు. చాలామందిని అమెరికా పంపాడు, తను మాత్రం శంషాబాద్ దాటలేదు.

"ఏయ్ పిల్లా, గీ ఎయిడ్ ముచ్చట వేరే ఉంటది. మా ఆఫీసుల వీసా కోసం అందరికీ పైసలు ఉన్నట్టు సూపిస్తం. నువ్వు లేనట్టు సూపియ్యాలె. జర కష్టమే."

"లేనియి లేనట్టు సూపియ్యనీకి కష్టమేంది బావా?"

"మీ నాయిన్ని అడుగు, తెలుస్తది" అని నవ్వాడు బావ.

అడిగాను. "మార్కులకిస్తరా?" అన్నాడు నాన్న. మార్కులు చూసి సీటిస్తారని, ఫీజుకు సాయం మాత్రం మనకు లేదని ఇస్తారని చెప్పాను. "ఎవలికి లేదు?" అన్నాడు (అప్పుడాయన వేసుకున్న చొక్కా కాలర్ అమ్మ తిప్పి కుట్టినదే). "మనకేం తక్వ? ఇంటి కిరాయి ఎన్నడన్న ఆగిందా? ఎవని ముంగటన్న చెయ్యి చాపిన్నా?"

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఔ, ఏం తక్వ లేదు. దుకాణం అమ్మితే ఆ కాలేజీల ఒక ఏడాది తిండికి సరిపోతది. సదువు ఆ పై ఏడాది సూసుకుందాం తియ్యి."

మూడో రోజు నాన్న ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. పేదోళ్లం అనే మాట నా నోట రాకూడదు. ఎవరన్నా అడగడానికి వస్తే తనూ అక్కడ ఉంటాడు. అంటే, మేం కట్టుకోలేమని నాన్న వింటుండగా, నాన్నకు వినిపించకుండా చెప్పాలి. బావ నవ్విన నవ్వు నాకప్పుడు అర్థమైంది.

దరఖాస్తు పంపిన కొన్నాళ్లకు కాలేజీ నుంచి కబురొచ్చింది. అక్కడ చదివి హైదరాబాద్‌లో ఉంటున్న ఒక మేడమ్ నన్ను కలిసి మాట్లాడతారట. ఆవిడ మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం దుకాణానికి రమ్మన్నారు. నాన్న పక్క బల్ల దగ్గర పరాయివాడిలా కూర్చోవాలని, నోరు విప్పకూడదని బావ ఒట్టు వేయించుకున్నాడు. నాన్న పెళ్లిళ్లకు తీసే సఫారీ తొడుక్కుని, అమ్మను పక్కన పెట్టుకుని, మాతో ఏ సంబంధమూ లేని మనిషిలా కన్నార్పకుండా మా వైపే చూస్తూ కూర్చున్నాడు.

మేడమ్ చల్లని మనిషి. కాసేపు ఇంగ్లిషు, కాసేపు కోస్తా తెలుగు. నాన్నగారు ఏం చేస్తారని అడిగితే, "బ్యాగులు రిపేరు చేస్తారు మేడమ్. ఆయన బాగుచేసిన పెట్టెలు ఎప్పుడో అమెరికా చూసొచ్చాయి, ఇంక నేనే మిగిలాను" అన్నాను. ఆవిడ నవ్వి, ఫీజు మాట ఎత్తారు. పక్క బల్ల దగ్గర సీతాఫలం ఐస్‌క్రీంలో చెంచా ఆగింది. నాన్నకు ఇంగ్లిషు రాదు గానీ, పేదరికాన్ని ఏ భాషలో అన్నా పట్టేస్తాడు. "మా ఇంటి ఆదాయానికీ మీ కాలేజీ ఫీజుకూ ఇంకా పరిచయం కాలేదు మేడమ్" అన్నాను, ఇంగ్లిషులో, వీలైనంత వేగంగా. చెంచా మళ్లీ కదిలింది.

అంతా సవ్యంగా జరిగింది, బిల్లు వచ్చేదాకా. పిల్లల చేత కట్టించకూడదని కాలేజీ నియమమంటూ మేడమ్ హ్యాండ్‌బ్యాగ్ అందుకున్నారు. జిప్పు కదల్లేదు. గట్టిగా లాగారు. అది చూసి ఊరుకోవడం నాన్న వల్ల కాలేదు.

"గట్ల గుంజకుండ్రి మేడమ్, జిప్పు పండ్లు పోతయ్. జర ఇటియ్యుండ్రి." సఫారీ జేబులోంచి చిన్న ప్లయర్ బయటికొచ్చింది.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ? ఇంతకీ మీరు?"

"ఊకెనే, పక్క టేబులు" అన్నాడు నాన్న.

జిప్పు రన్నర్‌ను నొక్కి సరిచేయడం నాన్న కళ్లు మూసుకుని చేసే పని. ఆ రోజు మాత్రం దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు, నోటితో ఊదాడు, కొవ్వొత్తి ముక్క ఉంటే బాగుండేదన్నాడు, పెద్ద డాక్టరులా తలాడించాడు. మేడమ్ పర్సు బ్యాగులో, బ్యాగు నాన్న చేతిలో. కౌంటర్ దగ్గర్నుంచి అమ్మ తిరిగొచ్చి కొంగు సర్దుకుందో లేదో, జిప్పు సర్రున జారింది.

"బిల్లు అయిపోయింది మేడమ్, ఆ అమ్మ ఇచ్చింది" అన్నాడు వెయిటర్. మేడమ్ అమ్మను చూశారు, ప్లయర్‌ను చూశారు, నన్ను చూశారు. "ఈయన మీ నాన్నగారా?"

"ఔ" అన్నది నేను కాదు, నాన్నే. "మా బిడ్డతోని మాట్లాడనీకి వచ్చిన్రు. మీరు కడితె మాకేం ఇజ్జత్ ఉంటది?"

"పోనీ రిపేరుకైనా తీసుకోండి."

"ఇంటికొచ్చిన సుట్టం తాన తీస్కుంటమా మేడమ్?" (మొజంజాహీ మార్కెట్ మా ఇల్లు ఎప్పుడైందో నాకు తెలియదు.)

సాయంత్రం బావ తల పట్టుకున్నాడు. "ఎయిడ్ అడగవోయి ఐస్‌క్రీం తినిపిచ్చి వచ్చిన్రా? అయిపాయె. నాంపల్లిలనే డిగ్రీల చేరు." నాన్న మర్నాటి నుంచి దుకాణంలో ఒక పెద్ద సూట్‌కేసుకు కొత్త చక్రాలు వేయడం మొదలుపెట్టాడు. ఎవరిదంటే "గిరాకీది" అనేవాడు.

సీటొచ్చింది, పూర్తి సాయంతో. గిరాకీ నేనేనని అప్పుడు తెలిసింది. నాన్న గల్లీలో అందరికీ "మార్కులకిచ్చిన్రు" అని చెప్పుకున్నాడు, నేను కాదనలేదు. అక్కడికెళ్లాక తెలిసిన సంగతేమిటంటే, డబ్బు విషయంలో ఇంటర్వ్యూ చేసేవాళ్ల మాట చెల్లనే చెల్లదట. అంటే ఆ ఐస్‌క్రీం వల్ల నాకు నష్టమూ లేదు, లాభమూ లేదు. ఆ మాట బావకు చెప్పాను. నాన్నకు చెప్పబుద్ధి కాలేదు.

చదువు ముగించి వచ్చి ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇప్పుడు ఆ కాలేజీ తరఫున పిల్లలతో మాట్లాడేది నేనే. మొన్న అదే దుకాణంలో ఒక అమ్మాయిని కలిశాను. పక్క బల్ల దగ్గర ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఒకాయన, మాతో ఏ సంబంధమూ లేనట్టు మా వైపే చూస్తున్నాడు. ఫీజు మాట ఎత్తగానే అక్కడ చెంచా ఆగింది. ఆ అమ్మాయి గొంతు తగ్గించి గబగబా ఇంగ్లిషులోకి మారింది. ఒక్క క్షణం నా ఎదురుగా ఎవరు కూర్చున్నారో తేల్చుకోలేకపోయాను. చివరికి బ్యాగు తీశాను. నాన్న చేతి జిప్పు, వెన్నలా జారింది. కానీ పక్క బల్ల ఆయన అప్పటికే చప్పుడు కాకుండా స్కాన్ చేసి కట్టేశాడట.

తిరిగొస్తూ దుకాణం దగ్గర ఆగి నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన చేతిలోని పెట్టె మీంచి తలెత్తలేదు.

"ఒక ఐస్‌క్రీం బిల్లు కట్టనీకి రాలే నీకు. నాలుగేండ్లు గాడ ఏం సదివినవే?"